మండువా మీద స్లాబు వేద్దామా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని పెంచి చూడు అని ఎవరూ అనలేదు గానీ, నన్నడిగితే ఆ రెండింటికంటే ఇదే కష్టం. కొత్తగా కట్టేటప్పుడు ఖాళీ స్థలంతో పని. పాత ఇంటిని పెంచేటప్పుడు అత్తగారితో, ఆవిడ అత్తగారి జ్ఞాపకాలతో, ఆడపడుచుల పుట్టింటి మమకారంతో, ఆఖరికి మేస్త్రితో, ఇంతమందితో పని.

పాత ఇల్లు చాలడం లేదని నోరు జారామా, సలహాలు మూడే వినిపిస్తాయి. పడగొట్టి అపార్టుమెంటుకి ఇచ్చెయ్యండి. లేదంటే అమ్మేసి పంచుకోండి. అదీ ఇష్టం లేకపోతే, "మధ్యలో ఆ మండువా అంతా వేస్టుగా పడి ఉంది కదండీ, దాని మీద స్లాబు వేస్తే రెండు గదులొస్తాయి." పాత ఇంటిని పాత ఇల్లుగానే ఉంచి పెద్దది చేసుకోవడమనే నాలుగో దారి ఎవరి నోటా రాదు. అందుకే కొన్నాళ్ళుగా దాని గురించే చదువుతున్నాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఇది మనకొచ్చిన కొత్త చిక్కు కాదు.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వాస్తు గురించి ఒక అధ్యాయం ఉంది. ఇంటిని పెంచాలనుకున్నవాడు ఏం చెయ్యాలో అందులో చెప్పాడు. నాలుగు వైపులా సమానంగా పెంచమన్నాడు. ఒక్క వైపే పెంచితే దోషమన్నాడు. అంతగా వీలుకాకపోతే తూర్పుకో ఉత్తరానికో పెంచుకోమన్నాడు. వాస్తు మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఒక్క సంగతి గమనించండి. దాదాపు 1500 ఏళ్ళ కిందటే ఇళ్ళు చాలక పెంచుకునేవాళ్ళు ఉన్నారు, ఎలా పెంచాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఇంకొకటి కూడా ఉంది. నాలుగు పక్కలా సమానంగా పెంచితే నడుమ ఉన్నది నడుమనే ఉంటుంది. ఇల్లు ఎంత పెరిగినా దాని మధ్య జాగా కదలదు.

ఆ అధ్యాయంలోనే చతుశ్శాల, త్రిశాల, ద్విశాల అని ఇళ్ళకి పేర్లు కనిపిస్తాయి. నడుమ ముంగిలి, చుట్టూ నాలుగు వైపులా ఇళ్ళు ఉంటే చతుశ్శాల. మూడు వైపులే ఉంటే త్రిశాల, రెండు వైపులే అయితే ద్విశాల. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి ఆ చతుశ్శాలకి దగ్గర చుట్టమే. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకే దిగుతాయి. అక్కణ్ణుంచి ఒక తూములోంచి బయటికి పోతాయి. చుట్టూ స్తంభాల వసారా, వసారా వెనక గదులు. వీధి వైపు అరుగు, పెరటి వైపు నుయ్యి, తులసికోట, గాదె. ఆ ఊళ్ళలో పుట్టినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పుట్టనివాళ్ళు సినిమాల్లో చూసే ఉంటారు.

మనం చూసే మండువా లోగిళ్ళు ఏనాటివో అనిపిస్తాయి. కానీ వాటికీ ఒక కాలం ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు పారాక డెల్టాలో వరి పండింది, రైతు చేతిలో డబ్బు ఆడింది. అటు ఏజెన్సీ అడవుల కలప తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రికి దిగేది. ఇటు సముద్రం మీద బర్మా టేకు వచ్చేది. తాటాకు కప్పు కింద ఉన్న కుటుంబాలు పెంకుటింట్లోకి మారడం, పెంకుటిల్లు ఉన్నవాళ్ళు లోగిలి కట్టుకోవడం ఆ తర్వాతి తరాల్లోనే ఊపందుకుంది.

ఆ పెంకుల కథ కూడా చెప్పుకోవాలి. మొదట్లో కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, నిలువుగా చీల్చి, కాల్చిన గూన పెంకులు ఉండేవి. ఏటా వానలకి ముందు ఇంటి మీదికి మనిషిని ఎక్కించి వాటిని సర్దించాల్సి వచ్చేది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే బల్లపరుపు పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ రకం పెంకులు దేశమంతా పాకాయి. మనవాళ్ళు వాటిని బెంగుళూరు పెంకులన్నారు. గూన పెంకు తీసేసి బెంగుళూరు పెంకు వేయించుకున్నప్పుడు ఆ ఇంటివాళ్ళు "అయ్యో, ఇంటి స్వరూపం పోయిందే" అని ఏడ్చి ఉండరు. హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటారు. ఇంటి వాలు మారలేదు, చూరు మారలేదు, మండువా మారలేదు. పైన పెంకు మాత్రం మారింది.

నాకు ఇక్కడే మొదటి సందేహం తీరింది. మనం "అసలు ఇల్లు" అనుకుంటున్నది కూడా ఒక్కరోజున పుట్టింది కాదు. తాతగారి నాన్నగారు ముందు వైపు కడితే, తాతగారు వంటిల్లు కట్టి ఉంటారు. మామగారు పెరటి వసారా దింపి ఉంటారు. ప్రతి తరమూ ఒక చెయ్యి వేసిందే. కాబట్టి ఇంటిని పెంచడం పాపం కాదు. ఏది తాకి పెంచాం, ఏది తాకకుండా పెంచాం అన్నదే చూసుకోవాలి.

ఇప్పుడు కాస్త నిష్ఠూరమైన మాట చెప్పాలి. పాత ఇళ్ళంటే మనకి మురిపెం. కానీ ఆ ఇళ్ళలో ఎవరి జాగా ఎక్కడో ఒక్కసారి తలుచుకోండి. వీధి అరుగు మగవాళ్ళది, ఊళ్ళో పంచాయితీలది. ముందు గది ఇంటి పెద్దది. గాదె ధాన్యానిది, భోషాణం ఇత్తడి సామానుది. ఆడవాళ్ళకి పని చేసుకునే చోట్లు బోలెడున్నాయి. వంటిల్లు, రోలు దగ్గర, తిరగలి దగ్గర, నూతి దగ్గర. పురిటికి ఒక చీకటి గది ఉండేది. నెలలో మూడు రోజులు పెరటి వసారాలో ఒక మూల ఉండేది. తలుపు వేసుకుని తనకంటూ కాసేపు కూర్చునే గది మాత్రం ఎంత పెద్ద లోగిలిలో వెతికినా కనపడదు. దీపాలు పెట్టాక, అందరూ తిన్నాక, మండువా చుట్టూ వసారాలో చాప వేసుకుని నడుం వాల్చేవాళ్ళు. ఆ మండువాయే వాళ్ళ గది. ఆకాశం కనపడే చోటు, గాలి తగిలే చోటు, నలుగురు ఆడవాళ్ళు కూర్చుని జడలు వేసుకుంటూ వడియాలు పెట్టుకుంటూ మాట్లాడుకునే చోటు అదొక్కటే. కొన్ని కుటుంబాల్లో ఘోషా కూడా ఉండేది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి ఎండా వానా తెలిసింది ఆ నలుచదరం జాగాలోంచే.

భర్త పోయిన ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తర్వాత కూడా ఎన్నో లోగిళ్ళలో సామాన్ల గది పక్క మూల ఒకటి ఎవరో ఒక మేనత్తదో పిన్నిదో అయి ఉండేది. ఆవిడ ఆస్తి ఒక పెట్టె, ఒక చాప, ఒక చెంబు.

నీళ్ళ గదుల మాట కూడా చెప్పుకోవాలి. స్నానం దొడ్లో తడిక చాటున. మిగతా వాటికి తెల్లారకముందో చీకటిపడ్డాకో. మోటారూ సెప్టిక్ ట్యాంకూ వచ్చాక పాత ఇళ్ళకి మొట్టమొదట చేరిన కొత్త గది చాలాచోట్ల బాత్రూమే. "ఇంటి అందం పాడైంది" అని ఎవరైనా అన్నారేమో తెలియదు గానీ, ఆ మాట అన్నవాళ్ళు ఆడవాళ్ళు మాత్రం అయి ఉండరు.

ఆ తర్వాత లోగిళ్ళని మార్చింది మేస్త్రులకంటే ఎక్కువగా పంపకాలు. అన్నదమ్ములు విడిపోతే మండువా మధ్యలో గోడ లేచేది. సగం ఆకాశం పెద్దాయనకి, సగం చిన్నాయనకి. మరి ఆడపిల్లలకి? 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో హక్కు ఇచ్చింది. కానీ నివసించే ఇంటి విషయంలో 23వ సెక్షన్ అడ్డం పడింది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని ఆడ వారసురాలు తనంతట తాను అడగకూడదు. మగ వారసులు పంచుకుందామనుకునేదాకా ఆగాలి. ఉండే హక్కు ఉంది, కానీ కూతురికైతే ఆమె పెళ్ళికానిదో, భర్త వదిలేసినదో, విడిపోయినదో, భర్త పోయినదో అయితేనే.

మన రాష్ట్రం ఈ విషయంలో కాస్త ముందే కదిలింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన వాళ్ళకి మాత్రం రాలేదు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఆ సవరణే 23వ సెక్షన్‌ని తీసేసింది. ఈ తేదీలన్నీ ఎందుకంటారా? పాత ఇంటిని పెంచుదామని నలుగురూ కూర్చున్నప్పుడు ఆ కూర్చున్నవాళ్ళలో ఆడపడుచు కూడా ఎందుకుండాలో చెప్పడానికి. కాఫీలు అందించడానికి కాదు, మాట చెప్పడానికి.

ఇక మండువా మీద స్లాబు సంగతికి వద్దాం. మా అత్తవారిల్లు కోనసీమలో ఉంది. అక్కడ తుఫానులు తెలుసు. 1996 నవంబరు 6 నాటి తుఫాను తర్వాత పెంకుల కంటే స్లాబే నయమనుకున్న వాళ్ళని తప్పుపట్టలేం. మా బావగారూ అదే అన్నారు. కోతుల బెడద, దొంగల భయం, వానకి వసారా తడవడం, ఇన్ని బాధలెందుకు, మూసేద్దాం అన్నారు. ఆయన చెప్పిన బాధలన్నీ నిజమే. కానీ మూసేస్తే ఏమవుతుందో కూడా లెక్క వేశాం.

12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న మండువా మీద 5 అంగుళాల మందాన స్లాబు వేస్తే ఆ బరువు 4 టన్నుల పైమాటే. నూరేళ్ళ కిందట పెంకుల బరువు మొయ్యడానికి నిలబెట్టిన కర్ర స్తంభాలు దాన్ని మొయ్యలేవు. కొత్త కాంక్రీటు స్తంభాలు మండువాలోకే దిగాలి. అది ఒకటి. రెండోది గాలి. వేడెక్కిన గాలి పైకి పోవడానికి ఆ ఖాళీయే దారి. అది పోతుంటేనే నీడన ఉన్న గదుల్లోంచి, పెరట్లోంచి చల్లగాలి కదులుతుంది. పైన మూత పెడితే మధ్యాహ్నం కూడా లైటు, రోజంతా ఫ్యాను. మూడోది గోడలు. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మని పీల్చుకుంటుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. ఎండా గాలీ తగలకపోతే ఆ చెమ్మ అక్కడే ఉండి స్తంభాల మొదళ్ళు నానతాయి, చెద పడుతుంది. దానికి తోడు గోడలకి సిమెంటు పూత పూశామా, చెమ్మ లోపలే చిక్కుకుని కొన్నేళ్ళకి పూత బొబ్బలెక్కి ఊడుతుంది. "పాత గోడలు, అంతే" అని గోడల్ని తిడతాం. తప్పు గోడలది కాదు.

పాత కట్టడాల నిపుణులు 1964లో వెనిస్ నగరంలో చేరి ఒక ఒప్పందం రాసుకున్నారు. కొత్తగా చేర్చేది పాత దానిలోని విలువైన భాగాలకీ, దాని అమరికకీ, చుట్టుపక్కలతో దానికున్న పొందికకీ భంగం కలిగించకూడదు. తప్పనిసరి అయి చేసిన కొత్త పని కొత్తదని తెలియాలి. మండువా ఇంటికి ఆ మాటలు తెచ్చుకుంటే నాకు తోచిన అర్థం ఇది: ఈ ఇంటి స్వరూపం స్తంభాల చెక్కడంలో లేదు, గుమ్మం మీది చిలకల్లోనూ లేదు. అవి పోతే మళ్ళీ చెక్కించవచ్చు. స్వరూపమంతా నడుమ ఉన్న ఆ ఖాళీలో ఉంది. చుట్టూ ఉన్న ప్రతి గదీ దానివైపే తిరిగి ఉంది. దాన్ని మూస్తే మిగిలేది చీకటి గదుల వరస. దాన్ని ఉంచి చుట్టుపక్కల ఎంత పెంచినా అది ఆ ఇల్లే.

మా ఇంట్లో ఈ చర్చ రెండు సంక్రాంతులు నడిచింది. మా ఆడపడుచు పెళ్ళి 1991లో, అంటే చట్టం ప్రకారం ఆవిడా భాగస్థురాలే. అది నేను పైకి అనలేదు, మా మరిదే అన్నాడు. ఆవిడ అన్నది ఒకటే మాట. "నాకు గది వద్దు. మండువా మూస్తే మాత్రం నేను రాను." మా తోటికోడలు మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఏడాదికి నాలుగు రోజులొచ్చేవాళ్ళకి మండువా అందంగానే ఉంటుందక్కా. రోజూ కడిగేది నేను" అంది. ఆ మాటకి మా అందరి దగ్గరా జవాబు లేదు. అందుకే మండువా ఉంచాలనుకున్నప్పుడు, దాని చాకిరీ తగ్గించడం కూడా లెక్కలోకి తీసుకున్నాం. పాత ఇల్లు నిలబెడదామనే మీరంతా ముందు ఈ ప్రశ్న అడగండి: దాన్ని ఊడ్చేదెవరు?

చివరికి ఇలా కుదిరింది. పాత ఇంటి మీద ఏ బరువూ పెట్టలేదు. పెరట్లో ఉత్తరం వైపు రెండు గదులు, వాటికి చెరో బాత్రూము. వాటి పునాది వేరు. డెల్టా నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. పాతది ఎప్పుడో స్థిరపడింది, కొత్తది ఇంకా కదులుతుంది. రెండింటినీ అతికిస్తే అతుకు దగ్గరే బీటలు. అందుకని మధ్యలో సందు వదిలి, నడవ మీద చిన్న కప్పు దింపారు. కొత్త గదుల కప్పు పాత కప్పు కంటే కిందికే ఉంది. వీధిలోంచి చూస్తే ఇల్లు పెరిగినట్టే తెలియదు. పెరట్లోకి వెళ్తే మాత్రం కొత్తది కొత్తగానే కనపడుతుంది. పాతదానికి నకలులా కట్టలేదు.

మండువా పైన కోతులకి ఇనప వల వేశాం, కావలసినప్పుడు తీసుకునేలా. ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వేసి వీధి మట్టం పెరిగిపోయింది. వానాకాలం మా తూములోంచి నీళ్ళు బయటికి పోవడం మాని లోపలికి వచ్చేవి. వసారా తడవడానికి అసలు కారణం అదే, మండువా కాదు. తూముని పెరటి వైపు తిప్పి ఇంకుడు గుంతకి కలిపాక ఆ బాధ వదిలింది. చాకిరీ తగ్గడానికి మండువాలో అరిగిన చోట నాపరాళ్ళు సరైన వాలుతో మళ్ళీ పరిపించాం. గోడలకి సున్నమే పూయించాం. సున్నం తెలిసిన మేస్త్రి కోసం మాత్రం మూడు మండలాలు తిరగాల్సి వచ్చింది. ఆయన కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు కలుపుతుంటే పిల్లలు చుట్టూ చేరి వంట చూసినట్టు చూశారు.

కొత్త గదుల్లో మొదటిది ఎవరిది అన్నప్పుడు ఎక్కువ వాదన జరగలేదు. మావారి మేనత్తగారు అరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నారు. ఆవిడకి ఇప్పుడు 82. ఇన్నేళ్ళూ ఆవిడ చోటు సామాన్ల గది పక్క మూలే. గదిలో ఏం కావాలో చెప్పమంటే మంచం వద్దన్నారు, అలమర వద్దన్నారు. "బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండమ్మా. తలుపుకి గడియ లోపలి వైపు పెట్టించండి" అన్నారు. పెట్టించాం.

మీ ఊళ్ళో ఇల్లు పెంచే ఆలోచన ఉంటే, మేస్త్రిని పిలిచేముందు ఇంట్లో పెద్దావిణ్ణి ఒకసారి అడిగి చూడండి, ఆవిడకేం కావాలో. మీకు తోచని జాబితా ఆవిడ దగ్గర ఉంటుంది.